మెతుకుసీమలోని శిలామందిరము

తెలంగాణమున నీటికి కొదువ యుండవచ్చును గాని రాతికి కొదువ లేదు. హైదరాబాదు నగరమునుండి ఏ దిక్కునకు పోయినను గుట్టలు, వాటిపై పేర్చి పెట్టినట్లున్న బండలు కనబడుచుండును. ఈ నల్లసేనపు రాతి వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. గోలకొండ కోటగోడలు ఈ రాతివే. పాతనగరములోని మక్కామసీదును 1617లో మహమ్మదు కుతుబ్‌షా ప్రారంభింపగా, అది 1694లో ఔరంగజేబు కాలమున పూర్తియయ్యెను. అదియు ఈ రాతి కట్టడమే. పాతనగరమునకు ఉత్తరముగా దాదాపు 100 కిలోమీటర్ల దూరమున, మెదకు పట్టణమునందు, ఈ రాతితోనే కట్టిన మఱియొక గొప్ప ప్రార్థనామందిరము గలదు. అదియే మెదకు కెథెడ్రలు.

మసీదును కట్టించినవారు రాజులు. వారికి బొక్కసము గలదు, అధికారము గలదు. మెదకు మందిరమును కట్టించినవాడు రాజు గాడు; ఒక మతబోధకుడు. దానిని కట్టినవారిలో పెక్కుమంది కరవు వాతబడిన పల్లెప్రజలు. కావున ఈ మందిరపు చరిత్రయందు శిల్పమెంత ముఖ్యమో అన్నమును అంత ముఖ్యము.

మెదకు అను పేరునకును అన్నమునకును సంబంధము గలదు. ఈ ఊరి పాతపేరు మెతుకుదుర్గము. ఊరినానుకొనియున్న కొండమీది కోట కాకతీయుల కాలము నాటిది. కుతుబ్‌షాహీల యేలుబడిలో ఈ ఊరికి గుల్షనాబాదు అను పేరు వచ్చినను, జనుల నోట పాతపేరే నిలిచి క్రమముగా మెదకుగా మాఱినది. మెతుకనగా వండిన అన్నములోని గింజ. మందిరము కట్టినపుడు ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిరి గనుక ఊరికి ఈ పేరు వచ్చినదని కొందఱు చెప్పుదురు. వినుటకు ఇది ఇంపుగానే యుండును గాని చరిత్రకు నిలువదు. ఏలయన, మందిరమునకంటె ఈ పేరు కొన్ని వందల సంవత్సరములు పెద్దది. ఊరికి పేరును మందిరము తేలేదు. ఊరికి ముందే యున్న పేరును మందిరము సార్థకము చేసినదని చెప్పుట న్యాయము.

ఈ మందిరమును కట్టించినవాడు చార్లెస్ వాకర్ పాస్నెట్ అను ఆంగ్లేయుడు. ఆయన వెస్లియన్ మెథడిస్టు సంఘమునకు చెందినవాడు. 1895లో సికిందరాబాదు దండులోని తిరుమలగిరికి వచ్చి, సైనికుల నడుమ మతగురువుగా పనిచేసెను. ఐనను ఆయన మనస్సు దండులో నిలువలేదు, పల్లెలవైపు పోయెను. 1896లో మెదకు చేరి, ఆ ప్రాంతమునే తన పనికి నెలవు చేసికొనెను. ఆయన సోదరి ఎమిలీ పాస్నెట్ కూడ వచ్చి ఆ ప్రాంతపు స్త్రీల నడుమ సేవ చేసెను.

క్రైస్తవులలో పెక్కు శాఖలు గలవు. ఆనాడు తెలుగుదేశమున పనిచేసిన శాఖలలో బాప్టిస్టులు, మెథడిస్టులు, లూథరనులు, ఆంగ్లికనులు, రోమను కాథలికులు ముఖ్యులు. బాప్టిస్టులు వయస్సు వచ్చి తమ విశ్వాసమును తామే ప్రకటింపగలవారికి మాత్రము, నీటిలో ముంచి బాప్తిస్మమిత్తురు. కావుననే వారి మందిరములలో పలుచోట్ల నీటితొట్టి యుండును. మెథడిస్టులు పసిబిడ్డలకును నీరు చిలుకరించి బాప్తిస్మమిత్తురు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములు అమెరికను బాప్టిస్టులకు ముఖ్యస్థానములు. నిజాము రాజ్యమున హనుమకొండ, నల్లగొండలలోను వారు నెలకొనిరి. మెదకు ప్రాంతము వెస్లియనుల పనికి కేంద్రమయ్యెను.

మెదకు సంఘము పెరిగినకొలది వారి చిన్న ప్రార్థనాస్థలము చాలకపోయెను. పెద్దమందిరమును కట్టవలెనని పాస్నెట్ సంకల్పించెను. 1914లో పని ఆరంభమైనది. ఆ సంవత్సరమే ఐరోపాలో మహాయుద్ధము మొదలైనది. ఓడల రాకపోకలు కష్టమయ్యెను. వస్తువుల ధరలు పెరిగెను. 1918లో వర్షములు తప్పిపోయెను. అదే సంవత్సరమున ఇన్‌ఫ్లుయెంజా అను విషజ్వరము దేశమంతట వ్యాపించి కోటికి పైగా ప్రాణములను హరించెను. నిజాము రాజ్యమునందును చెఱువులెండి, పైరులు మాడి, జనులు గ్రాసమునకై ఊళ్లు విడువవలసివచ్చెను.

అట్టి దినములలో మందిరపు పని ఆపివేయుట సులభము. కరవుకాలమున ఇంత పెద్దకట్టడమేల, ఆ ధనముతో అంబలి కాచి పోయరాదా యని ఎవరైనను అడుగవచ్చును. అది త్రోసివేయదగిన ప్రశ్న గాదు. పాస్నెట్ వేరొక మార్గమును ఎన్నుకొనెను. పని ఆపలేదు, పనియే ఆకలికి మందు కావలెనని తలచెను. పనికి వచ్చినవారికి ప్రతిఫలముగా అన్నము దొరకునట్లు ఏర్పాటు చేసెను. రాయి కొట్టుట, మోయుట, మన్ను త్రవ్వుట, సున్నము నూరుట, నీరు తెచ్చుట మొదలగు పనులలో నేర్పు గలవానికిని, లేనివానికిని, స్త్రీలకును, పురుషులకును తగిన పని దొరకును. ఈ కథను మెదకు సీమలో నేటికిని పెద్దలు పిన్నలకు చెప్పుచుందురు.

కరవు వచ్చినపుడు కట్టడముద్వారా జనులను పోషించుట మన దేశమున క్రొత్త గాదు. 1784లో అవధ రాజ్యమున కరవు వచ్చినపుడు నవాబు ఆసఫుద్దౌలా లక్నోలో బడా ఇమాంబాడాను కట్టింపనారంభించి, వేలకొలది జనులకు పని కల్పించెను. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పట్టి పీడించిన కరవులో, ఒంగోలునందు జాన్ ఎవరెట్ క్లౌ అను బాప్టిస్టు బోధకుడుండెను. ఆయన బోధకుడగుటకు ముందు భూమి కొలతల పని నేర్చినవాడు. ఆనాడు ప్రభుత్వము సముద్రతీరము వెంబడి బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండెను. క్లౌ అందులో కొన్ని మైళ్ల పనిని కంట్రాక్టుగా తీసికొని, ఆకలితో వచ్చినవారికి పని యిచ్చి కూలి చెల్లించెను.

క్లౌ చేసిన మఱియొక పని ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. కరవుకాలమున ఎందఱో ఆయనయొద్దకు వచ్చి తమకు బాప్తిస్మమిమ్మని కోరిరి. ఆయన ఇయ్యలేదు. ఆకలిచేత వచ్చినవారెవరో, మనస్సుచేత వచ్చినవారెవరో ఆ సమయమున తెలియదని ఆయన భయము. కరవు తగ్గిన పిదపనే, 1878 జూలై నెలలో, గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మములు జరిగెను. జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. అంత పెద్ద సంఖ్య అయినను, దానికి ముందు ఆయన ఓపికతో వేచియుండుటయే అంతకంటె గొప్పది. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ధర్మము. ఆ అన్నమును ఎరగా చేయుట ధర్మము గాదు. ఏ మతమువారైనను, ఏ ప్రభుత్వమైనను, సహాయము చేయునపుడు ఈ భేదమును మఱువరాదు.

పనికి అన్నమిచ్చుటలో మఱియొక మేలు గలదు. ఉచితముగా గంజి పుచ్చుకొనువాడు చేయి చాపవలెను. పని చేసి కూలి పుచ్చుకొనువాడు తల యెత్తి నడువవచ్చును. అయితే ముసలివారు, రోగులు, పసిబిడ్డలు రాయి మోయలేరు. అట్టివారికి పనిపేరు చెప్పి అన్నము నిరాకరింపరాదు. ఈ రెంటిని తెలిసికొని నడచుటయే కరవుకాలమున నాయకుల వివేకము.

ఇక మందిరపు నిర్మాణమును చూతము. దీనికి ముఖ్యమైన వస్తువు ఆ ప్రాంతపు రాయి. ఈ రాయి మిక్కిలి గట్టిది. మన రాతిపనివారు దీనిని పగులగొట్టు ఉపాయమును తరతరములుగా ఎఱుగుదురు. బండమీద వరుసగా చిన్నగుంటలు తొలిచి, వాటిలో ఇనుపచీలలు దిగగొట్టి, ఒకదాని తరువాత ఒకదానిని సమ్మెటతో సమముగా మోదుచు పోవుదురు. కొంతసేపటికి బండ ఆ వరుస వెంబడియే గీత గీచినట్లు చీలును. బలముకంటె ఓపికయే ఇచట ఎక్కువ పని చేయును. అట్లు చీలిన రాతిని ఉలితో చెక్కి, మూలలు సరిచేసి, గోడకు ఎక్కింతురు.

మందిరము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. నిడుపైన నడిమి శాలను ఇరుప్రక్కల శాలలు అడ్డముగా కలియుటచే, అది పైనుండి చూచినచో శిలువ ఆకారమున నుండును. లోపల దాదాపు 5,000 మంది ప్రార్థన చేయవచ్చునని చెప్పుదురు. మీరే లెక్క వేసి చూడుడు. పొడవును వెడల్పుతో గుణించినచో 20,000 చదరపు అడుగులు వచ్చును. మనిషికి 4 చదరపు అడుగులు మాత్రమే. బల్లలు, కుర్చీలు వేసినచో అంతమందికి చోటు చాలదు. మన దేశాచారమును బట్టి నేలమీద బాసినపట్టు వేసికొని కూర్చుండినపుడే ఈ లెక్క సరిపోవును. పడమటి రూపుగల కట్టడము తెలుగువారి కూర్చుండు తీరునకు ఇట్లు అనువైనది.

ఈ మందిరపు శైలిని గోథిక్ శైలి యందురు. ఇది దాదాపు 12వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున పుట్టి ఐరోపా అంతట వ్యాపించినది. 19వ శతాబ్దమున ఆంగ్లేయులు దానిని మరల ఆదరించి తాము పోయిన దేశములకెల్ల తీసికొనిపోయిరి. కొనదేరిన కమానులు, ఎత్తైన కప్పు, ఆకాశమునంటునట్లున్న గోపురము, రంగుటద్దముల కిటికీలు దీని లక్షణములు.

కమాను ఏల కావలెనో తెలిసికొనవలెనన్నచో రాతి స్వభావమును ఎఱుగవలెను. రాయి బరువును ఓర్చును గాని వంపును ఓర్వదు. నిలువుస్తంభముగా నిలిపినచో ఎంత భారమునైనను మోయును. అదే రాతిని రెండు స్తంభములపై దూలముగా పఱచి నడుమ బరువు పెట్టినచో అడుగుభాగము సాగలేక పగులును. 1163లో హనుమకొండయందు కాకతి రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడిలో స్తంభములు దగ్గఱదగ్గఱగా నుండుటకు ఇదియే కారణము. రాతిదూలము ఎక్కువదూరము దాటలేదు. కావున దానికి మాటిమాటికి ఊతమీయవలసివచ్చెను. ఆ నిర్బంధమునుండియే మన శిల్పులు అంతటి అందమును పుట్టించిరి.

కమానులో ఒక్కరాయియు వంగనక్కరలేదు. ప్రతిరాయి తన ప్రక్కరాతిని నొక్కుచు భారమును క్రిందికి జారవిడుచును. నడినెత్తిన పెట్టు కీలురాయి చేరువఱకు కమాను తనంత తాను నిలువలేదు. చెక్కచట్రము దానిని మోయుచుండవలెను. కీలురాయి కూర్చుండిన పిదప చట్రమును తొలగింపవచ్చును. అయితే కమాను భారము క్రిందికే గాక ప్రక్కలకును త్రోయును. అర్ధచంద్రాకారపు కమానులో ఈ ప్రక్కత్రోపు ఎక్కువ. కొనదేరిన కమానులో తక్కువ. మిగిలిన త్రోపునకు గోడవెలుపల ఊతగోడలు కట్టుదురు. కావుననే గోథిక్ మందిరములు ఎత్తుగా లేవగలిగెను.

కొనదేరిన కమాను హైదరాబాదువారికి క్రొత్త గాదు. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినారు నాలుగువైపుల కమానులును కొనదేరినవే. అది పారశీక దేశపు మార్గమున మనకు వచ్చినది. మెదకులోనిది ఇంగ్లండు మార్గమున వచ్చినది. వచ్చిన త్రోవలు వేఱైనను, రాతిభారమును నేలకు దింపు ధర్మము రెంటికిని ఒక్కటియే. ఆ రెంటిని నిలిపినవియు మన కూలివాండ్ర చేతులే.

మందిరపు ముందుభాగమున నున్న గోపురము ఎత్తు 175 అడుగులని చెప్పుదురు. దూరపు పొలములనుండియే అది కనబడును. ఈ గోపురమును గూర్చి ఒక కథ వాడుకలో నున్నది. ఇది చార్మినారును మించినదని విని నిజాము దీని ఎత్తును తగ్గింపజూచెనట. చార్మినారు మినారులకు సాధారణముగా చెప్పు ఎత్తు 56 మీటర్లు. అనగా దాదాపు 184 అడుగులు. ఈ లెక్కలను బట్టి చూచినచో గోపురము చార్మినారును మించనే లేదు. కథలను వినుడు; ఆనందింపుడు; కాని చరిత్రమని నమ్ముటకు ముందు కొలతబద్దను చేత పట్టుకొనుడు.

లోపల అడుగు పెట్టినవారికి మొదట కనబడునది నేల. దానిమీది రంగురంగుల పలకలు ఇంగ్లండునుండి తెప్పించినవి. వాటిని తీర్చి పఱచుటకు ఇటలీ దేశపు పనివారిని నియోగించిరి. నేడు ఇది పెద్దవింతగా తోచకపోవచ్చును. కాని మెదకు పట్టణమునకు రైలు 2022 వఱకు రాలేదని తెలిసినచో ఆనాటి శ్రమ అర్థమగును. సముద్రము దాటి వచ్చిన సున్నితమైన సరకు రైలు లేని ఊరికి పగులకుండ చేరవలెను. లోపలి కప్పు కమానులతో అల్లినట్లుండును. బోధకుని మాట ప్రతిధ్వనిలో కలిసి చెదరిపోకుండుటకై పైకప్పునకు గుల్లయైన పదార్థమును వాడిరి.

మందిరమునకు పేరు తెచ్చినవి మూడు రంగుటద్దముల కిటికీలు. క్రీస్తు జననము, శిలువపై మరణము, స్వర్గారోహణము వాటిలోని విషయములు. వీటిని చిత్రించినవాడు లండనునందలి ఫ్రాంక్ సాలిస్‌బరీ. అవి మూడును ఒకేసారి రాలేదు. మందిర ప్రతిష్ఠ జరిగిన తరువాత ఒక్కొక్కటిగా వచ్చినవి.

ఇట్టి కిటికీలను చేయు విధానము విచిత్రముగా నుండును. గాజును కరగించునపుడే లోహభస్మములను కలిపి రంగు పుట్టింతురు. కోబాల్టు కలిపినచో నీలము, రాగి లేక బంగారము కలిపినచో ఎఱుపు వచ్చును. అట్టి గాజును చిన్నచిన్న ముక్కలుగా కోసి, ముఖము, చేతులు, వస్త్రముల ముడుతలు మొదలగువానిని వాటిపై వ్రాసి కొలిమిలో కాల్తురు. పిదప ముక్కలన్నింటిని సీసపు బద్దలతో కూర్తురు. చిత్రపటమును మనము చూడవలెనన్నచో వెలుగు దానిమీద పడవలెను. రంగుటద్దమునకు వెలుగు దాని గుండ రావలెను. అందువలన పగటివేళ వెలుపలి ఎండ ఉన్నపుడే ఈ చిత్రములు లోపలివారికి వెలుగుచు కనబడును. రాత్రి లోపల ఎన్ని దీపములు వెలిగించినను అవి నల్లనిపలకలవలెనే యుండును.

ఇట్లు పది సంవత్సరములు పని సాగిన పిదప, 1924 డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు పండుగనాడు మందిరమును ప్రతిష్ఠించిరి. ఆనాడు హైదరాబాదును ఏలుచున్నవాడు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను. 1947 సెప్టెంబరు 27వ తేదీన, మద్రాసులో, ఆంగ్లికను, మెథడిస్టు మొదలగు కొన్ని శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడెను. బాప్టిస్టులు అందులో చేరక తమ సంఘములను వేఱుగా నిలుపుకొనిరి. మెదకు మందిరము ఆ క్రొత్తసంఘమునందు మెదకు అధ్యక్షమండలమునకు ముఖ్యస్థానమయ్యెను. అధ్యక్షుని పీఠమున్న మందిరమునే కెథెడ్రలు అందురు. 2024లో మందిరమునకు నూఱు సంవత్సరములు నిండెను. క్రిస్మసునాడు క్రైస్తవులే గాక ఇతర మతములవారును వేలకొలదిగా దానిని దర్శింప వచ్చుచుందురు.

కట్టించినవాని పేరు మనకు తెలియును. కిటికీలు వ్రాసినవాని పేరు తెలియును. కాని బండను చీల్చినవాడెవడు? గోపురముమీదికి చివరిరాయిని చేర్చినవాడెవడు? నడుమున బిడ్డను కట్టుకొని సున్నపుతట్ట మోసిన తల్లి యెవతె? వారి పేర్లు ఏ ఫలకముమీదను లేవు. మక్కామసీదుకు రాయి మోసినవారి గతియు అంతియే; వేయిస్తంభముల గుడిని చెక్కినవారి గతియు అంతియే. మతములు వేఱు, కాలములు వేఱు, శైలులు వేఱు. పేరు లేని శ్రామికుడు మాత్రము అన్నిచోట్ల ఒక్కడే.

కావున పురాతన కట్టడమును చూడబోయినపుడు దాని ఎత్తును, పొడవును మాత్రమే వ్రాసికొని రాకుడు. గోడమీది రాతిని దగ్గఱనుండి చూడుడు; ఉలిదెబ్బలు కొన్నిచోట్ల నేటికిని కనబడును. ఆ గోడలమీద మన పేర్లు చెక్కుట తగదు. తమ పేర్లు చెక్కుకొనని వారు కట్టిన గోడలవి. వాటిని చెడకుండ కాపాడి మన తరువాతివారికి అప్పగించుటయే మనము వారికి తీర్పదగిన ఋణము.